మంచు కెప్టెన్‌ గారి ఉక్కపోత

ఎండాకాలంలో ఫ్యాను కావాలని అడగడం అనాగరికం! అవును, గట్టిగానే అంటున్నాను. మే నెలలో ఒళ్లు చల్లబడడానికి గాలి ఎందుకండీ? గోడ మీద మంచు బొమ్మ ఒకటి ఉంటే చాలదూ?

నమ్మరా? అయితే తార్నాక పక్కన ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉన్న పాత రీడింగ్ రూము సంగతి వినండి. దానికి ఇన్‌చార్జి గంగాధర్. కడప మనిషి. ఇరవై రెండేళ్లుగా తార్నాకలో అద్దెకుంటూ, రోజూ నడిచే డ్యూటీకి వస్తాడు. మంచివాడే. పాపం, కళాహృదయం ఒక్కటే లేదు.

రూములో నాలుగు ఫ్యాన్లుంటే మూడు ఏనాడో కన్నుమూశాయి. వాటిని బాగు చేయించమని గంగాధర్ పదకొండు అర్జీలు పెట్టాడు. జూన్‌లో ఉద్యోగ పరీక్షలు రాసే నలభై మంది పిల్లలు చెమటలు కక్కుతూ చదువుతున్నారని ప్రతి అర్జీలోనూ రాశాడు. ఆఫీసు కాగితం మీద చెమట గురించి రాస్తారా ఎవరైనా? ఎంత మోటుతనం!

అయినా పెద్దమనసు పెద్దమనసే. క్యాంపస్‌కు తనిఖీ బృందం వస్తోందని తెలియగానే, మరమ్మతులు చూసే కరుణాకర్ గారు స్వయంగా తార్నాకలోని వాల్ డెకార్ షాపుకు వెళ్లారు. "చల్లగా కనిపించేది ఏదైనా ఇవ్వండి" అని అడిగి ఆరడుగుల కాన్వాస్ ఒకటి తెచ్చారు. ఎప్పుడో రెండు వందల ఏళ్ల కిందట, ఉత్తర ధ్రువం దారిలో తిప్పలు పడ్డ తెల్లదొరల మీద ఎవరో గీసిన బొమ్మకు కొత్త ప్రింటు అది. మంచులో ఇరుక్కున్న ఓడ, తాళ్లు పట్టి లాగుతున్న నావికులు, ఓ మూల నుంచి వాళ్లను ఆశగా చూస్తున్న తెల్ల ఎలుగుబంటి. అన్నిటికీ ముందు నిలువెత్తు కెప్టెన్. ఆయన గడ్డం నిండా మంచు పెళ్లలు!

గోడ మీది చెమ్మ మరక కూడా దాని వెనక దాక్కుంది. ఒక దెబ్బకు రెండు పిట్టలు!

మరి అంత గొప్ప బొమ్మ చీకట్లో ఉంటే ఏం బాగుంటుంది? పైన రెండు ఫోకస్ లైట్లు పెట్టారు. వాటికి కరెంటు కావాలి కదా? తిరుగుతున్న ఆ ఒక్క ఫ్యానూ ఊడదీసి, దాని వైరే లైట్లకు ఇచ్చారు.

"ఉండే ఒక్క ఫ్యానూ పీకేస్తిరే సార్!" అన్నాడు గంగాధర్.

"అదేంటండీ గంగాధర్ గారూ! ఒక్కసారి ఆ మంచు వంక చూడండి. చలేయట్లేదూ?" అన్నారు కరుణాకర్ గారు, కర్చీఫుతో మెడ తుడుచుకుంటూ.

చూశారా, ఎంత దూరదృష్టి! ఈ పద్ధతి ఊరంతా పెడితే కష్టాలుంటాయా? రామంతాపూర్‌కు ట్యాంకరు రాలేదా? వీధి మొదట్లో జలపాతం పోస్టరు అంటించండి. బౌద్ధనగర్ స్టాపులో బస్సు కోసం గంటసేపు నిలబడ్డారా? స్టాపు వెనక బస్సు బొమ్మ వేయించండి, సీట్లు ఖాళీగా ఉన్నట్టు! హాస్టల్ మెస్సులో పప్పు నీళ్లలా ఉంటే, ఎదురుగా చిక్కటి పప్పు ఫొటో ఒకటి తగిలించండి. వంటవాణ్ణి తిట్టే పనే ఉండదు.

కానీ కళను అర్థం చేసుకోలేని శరీరాలు కొన్ని ఉంటాయి. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే శ్రావ్య అలాంటిదే. ఉద్యోగ పరీక్ష రాయడం ఆమెకిది మూడోసారి. సోమవారం మధ్యాహ్నం, సరిగ్గా ఓడకు ఎదురుగా కూర్చుని కూడా, కళ్లు తిరిగి టేబుల్ మీద వాలిపోయింది.

గంగాధర్ పరుగెత్తుకొచ్చాడు. మొహాన చల్లుదామంటే కుళాయిలో చుక్క రాలేదు. ఊడ్చే అమృతమ్మ తన సీసాలో నీళ్లు ఇస్తే చల్లి, అట్టముక్కతో విసిరాడు.

"ఇంటికి పో తల్లీ. చల్లబడినాక సదువుకుందువు" అన్నాడు.

"ఒక్కటే రూమ్ల ఐదుగురం ఉంటం సార్. గీడ గూడ చదవరాకుంటే ఏడికి పోవాలె?" అంది శ్రావ్య.

గంగాధర్ సిగ్గుతో తల దించుకున్నాడు. ఆ పిల్ల ఈసారి కూడా పరీక్ష పోగొట్టుకుంటే ఆ పాపం ఫలించని తన పదకొండు అర్జీలదేనని అతనికి అనిపించింది.

మర్నాడు పొద్దున్నే అతను డ్యూటీకి వచ్చేసరికి అమృతమ్మ అప్పటికే రూము తెరిచి ఊడ్చేసింది. కెప్టెన్‌ గారి నుదుటన కుంకుమ బొట్టు, కాన్వాసుకు బంతిపూల దండ! కింద రెండు అగరొత్తులు వెలుగుతున్నాయి.

"ఏంది అమృతమ్మా ఇది? ఆయప్ప ఎవురో తెలుసునా నీకు?"

"ఎవలైతే ఏంది సారూ? గింత గడ్డమున్న పెద్దమనిషి! గోడకెక్కిండంటే పోయినోడే గదా. దండ లేకుంటె మంచిగుంటదా?"

ఆమెది తప్పెలా అవుతుంది? ఆ బిల్డింగులో ఫ్రేము కట్టిన ప్రతి గడ్డానికీ ఆమె ఇరవై ఏళ్లుగా దండ వేస్తోంది. ఒక్కరి పేరూ ఆమె అడగలేదు. ఆమెకు చెప్పినవాళ్లూ లేరు.

బుధవారానికి పిల్లలు కెప్టెన్ ముందు పెన్నులు పెట్టి దండం పెడుతున్నారు. గురువారం కొబ్బరికాయ కొట్టారు. శుక్రవారం ఫోకస్ లైట్లు ఎలా వెలుగుతున్నాయో చూద్దామని కరుణాకర్ గారు వచ్చారు. దండా, బొట్టూ చూడగానే గుమ్మంలోనే బూట్లు విప్పేశారు! కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడి, చెంపలు వేసుకుని మరీ వెళ్లారు. వారం కిందట ఆ బొమ్మను బేరమాడి తెచ్చింది తానేనన్న సంగతి ఆయనకు గుర్తే రాలేదు.

గంగాధర్ ఆ బూట్లు విప్పిన చోటునే చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని పన్నెండో అర్జీ రాశాడు. పిల్లల ఊసే ఎత్తలేదు.

"రీడింగ్ రూములో కొలువైన పెద్దాయన మంచు ప్రదేశం వారు. ఉక్కపోత అలవాటు లేదు. నిన్నటి నుంచి వారి ముఖాన చెమట కనిపిస్తున్నది. తగు చర్య తీసుకోగలరు."

సోమవారం పొద్దుటికల్లా రెండు పెద్ద స్టాండు ఫ్యాన్లు దిగాయి! కొత్త వైరింగుతో సహా! వెంట ఒక ఆర్డరు: ఫ్యాన్లు ఎల్లవేళలా చిత్రం వైపే తిరిగి ఉండవలెను.

ఆర్డరు ఆర్డరే. ఫ్యాన్లను ఎవరూ ముట్టుకోలేదు. పిల్లలే టేబుళ్లు ఈడ్చుకుంటూ వెళ్లి కెప్టెన్ కాళ్ల దగ్గర వేసుకున్నారు. శ్రావ్య తన కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద కొబ్బరి చిప్ప పెట్టుకుని చదువుతోంది. గంగాధర్‌కు కడుపు నిండినట్టయింది.

ఇప్పుడు చెప్పండి, బొమ్మ వల్ల గది చల్లబడిందా లేదా? నేను మొదటే అన్నాను కదా!

గంగాధర్‌కు కూడా ఎట్టకేలకు కళాహృదయం అబ్బింది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ తార్నాకలోని అదే షాపులోకి వెళ్లాడు. రీడింగ్ రూము కుళాయి ఇంకా ఎండిపోయే ఉంది మరి.

"నీళ్లు బాగా పారే బొమ్మలు ఉండాయా అప్పా?"

"జలపాతాలు మస్తుగున్నయ్ సార్. ఎసువంటిది గావాలె?"

"జలపాతం ఎట్లున్నా సరే. దాని ముందర గడ్డమున్న పెద్దమనిషి మాత్రం ఉండాల" అన్నాడు గంగాధర్.