మైక్రోస్కోపుకు బొట్టు

గురువారం ఉదయం ఏడుంపావుకు తార్నాక ఫ్లాటులో, ఉప్మాలోని జీడిపప్పు ఎవరి పళ్ళెంలో ఎక్కువ పడిందో జ్యోతిర్మయి, భూపాల్ ముద్దుముద్దుగా పోట్లాడుకుంటుండగా ఫోన్ మోగింది. యూనివర్సిటీ ల్యాబు నుంచి తోటి పరిశోధకురాలు స్వర్ణ.

"జ్యోతీ, మెరుస్తున్నయే! నీ కణాలన్నీ బతికే ఉన్నయి. కొట్టుకుంటున్నయి. ఉరికి రా!"

జ్యోతిర్మయి గరిటెతో సహా సోఫా ఎక్కి గెంతింది. ఎనిమిది నెలలుగా ఆమె ఎలుక గుండె కణాలను గాజు గిన్నెలో పెంచుతోంది. గుండె కణం కొట్టుకున్న ప్రతిసారీ దాని లోపల కాల్షియం పొంగి తగ్గుతుంది. కాల్షియం తగిలితే మెరిసే రంగును ఆ కణంలోకి పంపి, నీలికాంతి వేస్తే, ఆ కొట్టుకోవడం ఆకుపచ్చగా కంటికి కనబడాలి. కానీ రంగు వేసిన ప్రతిసారీ కణాలు చచ్చిపోయేవి. ఆ రోజు మధ్యాహ్నమే సమీక్ష కమిటీ వస్తోంది. బతికున్న కణం ఒక్కటైనా మెరవకపోతే ఈ పని కట్టిపెట్టి, కొత్త అంశంతో పీహెచ్‌డీని మొదటి నుంచి మొదలుపెట్టమని కిందటిసారే చెప్పేశారు.

తొమ్మిదింటికి ల్యాబుకు వెళ్ళాలి, మధ్యాహ్నం దాకా గిన్నెను వెచ్చగా కాపాడాలి, కమిటీకి చూపించాలి. ఆమె వేసుకున్న ప్లాను ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదు.

పెళ్ళై నలభై ఒక్క రోజులైన భూపాల్‌కు మాత్రం అంత సంతోషాన్ని ఒక్కడే మోయడం కష్టమైంది. సీతాఫల్‌మండిలో ఉన్న తల్లికి ఫోన్ చేశాడు. అరగంటలో రాములమ్మ సంచితో సహా ఆటో దిగింది.

"మిషను పనిజేసిందంట గద బిడ్డా. బొట్టు పెట్టిన్రా?"

"అమ్మా, గది మైక్రోస్కోపు. మన బోరు మోటారు కాదు," అన్నాడు భూపాల్.

"బోరు మోటారుకు పెట్టిన. పదకొండేండ్లు నడిచింది. నీ స్కూటరుకు పెడతనంటే వద్దంటివి. మెట్టుగూడ చౌరస్తల పండవెట్టినవ్. ఇంక నువ్వే చెప్పు."

భూపాల్ ఉప్మా మీద దృష్టి పెట్టాడు. జ్యోతిర్మయికి ఆ పూట ఎవరికీ దేన్నీ కాదనాలనిపించలేదు.

"ఒక్క బొట్టే అత్తమ్మా. అగర్‌బత్తి వద్దు, కొబ్బరికాయ వద్దు."

"నీ మాటనే బిడ్డా."

తొమ్మిదింటికి ముగ్గురూ ల్యాబు చేరాక కూడా రాములమ్మ మాట తప్పలేదు. అగర్‌బత్తి వెలిగించలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. కానీ ఒక్కదానికి బొట్టు పెట్టి పక్కనున్నవాటిని చిన్నబుచ్చడం ఆమెకు చేతకాదు. మైక్రోస్కోపు అయ్యాక కంప్యూటరుకు, కణాలను పెంచే పెట్టె తలుపుకు, చేతి తొడుగుల డబ్బాకు, కుర్చీ వీపుకు కూడా పసుపూ కుంకుమా పెట్టింది. తర్వాత స్వర్ణ వైపు తిరిగింది.

"నాకొద్దు అత్తమ్మా, చర్చికి పోయేటోళ్ళం. లడ్డూ ఉంటే తీసుకుంట."

"ఉన్నయి బిడ్డా, సంచిల."

స్వర్ణ అప్పుడే గిన్నె మూత తీసి కణాల మీది ద్రవం మార్చింది. రాములమ్మ వంగి చూసింది. "గివేనా గుండెలు? కండ్లకే ఆనుతలేవు. నూరేండ్లు బతకాలె," అంటూ గిన్నె మీదుగా చెయ్యి చాపింది.

"అత్తమ్మా!" అని జ్యోతిర్మయి అరిచింది.

"ముట్టలేదు బిడ్డా. దీవించిన, అంతే."

నిజమే, ముట్టలేదు. ఆమె వేళ్ళ నుంచి ఆవగింజంత పసుపు మాత్రం గిన్నెలో రాలింది. అది ఎవరూ చూడలేదు.

పదిన్నరకు జ్యోతిర్మయి గైడు సుబ్బరాయుడు గారు వచ్చి కుర్చీలో వెనక్కి వాలారు. లైట్లు ఆర్పారు, నీలికాంతి వేశారు. తెర మధ్యలో ఇంత పెద్ద ఆకుపచ్చ ముద్ద ధగధగలాడింది.

"అమ్మాయ్! ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి కణాన్ని నేను చూడలేదు!"

"నేనూ చూడలేదు సార్," అంది జ్యోతిర్మయి. అందులో అబద్ధమేమీ లేదు.

"ఇది కొత్త రకమమ్మా. కచ్చితంగా కొత్త రకం!" ఆయన అప్పటికే కమిటీ అధ్యక్షుడు రత్నాకర్ గారికి ఫోన్ కలిపేశారు. "సార్, మధ్యాహ్నం దాకా ఎందుకు? ఇప్పుడే రండి. అందర్నీ తీసుకురండి."

పది నిమిషాల్లో కమిటీ దిగింది. ఆ వెనక పక్క ల్యాబుల వాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక, ఏం జరుగుతోందో తెలియకపోయినా లడ్డూలు పంచుతున్నారని తెలిసినవాళ్ళు వచ్చారు. తలుపు దగ్గర భూపాల్ పంచుతున్నాడు. పదకొండయ్యేసరికి కొత్త కణానికి ఏం పేరు పెట్టాలన్న చర్చ మొదలైంది. తన పేరు పెట్టవద్దని సుబ్బరాయుడు గారు, ఎవరూ అడగకుండానే, రెండుసార్లు చెప్పారు.

అప్పుడే ఆయన కుర్చీలోంచి మైక్రోస్కోపు పక్కకు వంగారు. పక్కకు చిమ్ముతున్న నీలికాంతిలో ఆయన ముక్కు కొన ఆకుపచ్చగా మెరిసింది. తల తిప్పితే చెవి కూడా మెరిసింది. కీబోర్డు మీద ఎంటర్ కీ మెరిసింది. జ్యోతిర్మయికి అప్పుడు తట్టింది. నీలికాంతి పడితే పసుపు మెరుస్తుంది. ఆ ముక్క ఆమె ఎమ్మెస్సీ పరీక్షలో రాసి నాలుగు మార్కులు తెచ్చుకుంది.

నోరు మూసుకుంటే ఆ పూట గట్టెక్కుతుంది. ఆమె రెండు క్షణాలు మూసుకునే చూసింది. ఊపిరాడలేదు.

"సార్, అది కణం కాదు. పసుపు."

"ఏం పసుపు?"

"మా అత్తమ్మ పసుపు సార్."

గదిలో ఎవరో లడ్డూ నమలడం ఆపారు. రత్నాకర్ గారు కళ్ళజోడు తీశారు.

"అయితే పొద్దున మెరిసినయి గూడ పసుపేనేమో. కొత్త పెళ్ళికూతురివి. మెడల పసుపుతాడు, కాళ్ళకు పసుపు. ఎనిమిది నెలలు మెరవనియి పెళ్ళయినంక మెరిసినయి. నన్నేం అనుకోమంటవ్ అమ్మా?"

ఆయన జేబులోంచి పెన్ను తీసి, కాగితం మీద 'కొత్త అంశం' అని రాయబోయారు.

"సారూ, తప్పు నాది. పిల్లను అనకుండ్రి," అంటూ రాములమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "గని ఒక్కటి చెప్పుండ్రి. గా పెద్ద ముద్ద ఉన్నకాడనే ఉన్నది. దాని పక్కపొంటి సన్నగ గవేందివి, వెలుగుతున్నయి, ఆరుతున్నయి? నలభై ఏండ్ల సంది పసుపు వాడుతున్న. ఒక్కనాడు ఆరలేదు."

అందరూ ముద్దనే చూశారు. అంచుల్ని చూసినవారు లేరు. జ్యోతిర్మయి గిన్నెను కొంచెం జరిపింది. ముద్ద ఓ మూలకు పోయింది. తెర నిండా గుండె కణాలు. అన్నీ ఒక్కసారే వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి.

"చల్లటి ద్రవం పొయ్యి," అన్నారు రత్నాకర్ గారు. పోసింది. కణాల మెరుపు నెమ్మదించింది. గిన్నె వెచ్చబడగానే మళ్ళీ అందుకుంది. పసుపు మాత్రం చలికీ వేడికీ చలించకుండా మూలన వెలుగుతూనే ఉంది.

రత్నాకర్ గారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. "పసుపు పక్కన ఉన్నది కాబట్టే నమ్ముతున్న. ఉత్తగ మెరిసేదేదో, బతికున్నదేదో ఒకే గిన్నెల కనబడ్డది. ఈ పని ఆపేది లేదు."

మొదట్నుంచీ తనకు ఆ ముద్ద మీద అనుమానంగానే ఉందన్నారు సుబ్బరాయుడు గారు. భూపాల్ మిగిలిన లడ్డూ రెండు ముక్కలు చేసి, పెద్దది జ్యోతిర్మయి నోట్లో పెట్టాడు.

"రేపు పది గంటలకు మొత్తం మళ్ళ మొదటి నుంచి చెయ్యాలె," అని రత్నాకర్ గారు ప్రకటించారు. "ఒక గిన్నెల పసుపుతోని, ఒక గిన్నెల పసుపు లేకుండ. అమ్మా, మీరు గూడ రావాలె."

రాములమ్మ వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "రేపు శుక్రారం గద సారూ. పదిన్నర సంది పన్నెండు దాక రాహుకాలం. మీ పని పదిన్నర లోపల్నే అయితదా?"

మైక్రోస్కోపు రిజిస్టరులో మర్నాటి ప్రయోగం సమయాన్ని రత్నాకర్ గారు స్వయంగా, పన్నెండు గంటల ఒక నిమిషం అని రాశారు.