మంజూరైన మబ్బు

కంబదూరు అవతల ఉన్న ఎర్రబండపల్లికి రెండువేల మూడో సంవత్సరం అక్టోబరులో ఒక మబ్బు మంజూరైంది. మంజూరు చేసిన శాఖ ఏదో ఇంతవరకూ తేలలేదు. ఊరికి తూర్పున పాత టైర్లు కాల్చి నూనె తీసే ఫ్యాక్టరీ పెట్టిన నెలకే అది వచ్చింది. ఫ్యాక్టరీ వచ్చిన వేళావిశేషం మంచిదని ఊరంతా సంతోషించింది.

ఆ సీమ సంగతి తెలిసినవాళ్ళు నవ్వరు. నాలుగేళ్ళుగా ఆకాశంలో నీలం తప్ప మరో రంగు చూడనివాళ్ళకు, పైన నల్లగా ఏది కనబడినా చేతులు లేచి దండం పెడతాయి. తెల్లవారేసరికి ఊరిమీద పరుచుకున్న ఆ నలుపు పొద్దెక్కేదాకా కదిలేది కాదు. ఎండ సోకని ఆ వైభవాన్ని చూసిపోదామని పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి, అసూయపడి, దగ్గుకుంటూ తిరిగిపోయారు.

నరసింహప్ప అందరికంటే ముందు నమ్మాడు. వేరుశనగ ఎండిపోయిన చేనంతా మళ్ళీ దున్ని ఉలవలు విత్తాడు. మబ్బు పడితే విత్తడం తాతలనాటి పద్ధతి. మబ్బుకు వాసన ఎందుకుందని అడగడం ఆ పద్ధతిలో లేదు.

ఆ అడగడమేదో అతని భార్య కదిరమ్మ అడిగింది. ఆమెకు ఏటా చలికాలంలో కాస్త ఆయాసం రావడం మామూలే. ఈసారి వాకిలి దాటేలోపే రొమ్ము పట్టేసేది, పడుకుంటే ఊపిరందక లేచి కూర్చునేది. ఒకరోజు ఆరేసిన తెల్ల పంచె తెచ్చి మొగుడి ముందు పరిచింది. దాని నిండా మసి.

"మబ్బుకు టైర్ల కంపు యాడన్నా ఉంటాదా? ఇది పొగ. నన్ను తినేస్తాండాది" అంది.

ఆమె చెప్పింది నిజమేనని నరసింహప్పకు లోపల తెలుసు. కాని విత్తనం అప్పటికే భూమిలో ఉంది. విత్తినాక మబ్బును పొగ అనుకునే ధైర్యం ఏ రైతుకూ ఉండదు. వాన పడితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. అతనికి భార్య అంటే ప్రాణం.

దగ్గు ఊరంతా పాకాక వైద్యాధికారి జీపులో వేంచేశారు. ఈ పొగ ఊపిరితిత్తుల్లోకి దిగుతుందనీ, ముసలివాళ్ళకూ పసిపిల్లలకూ ఆయాసం ఉన్నవాళ్ళకూ ముప్పనీ మైకులో మొదలుపెట్టారు. సర్పంచి ఓబుళేసు లేచి, నాలుగేళ్ళకు వచ్చిన మబ్బును పొగ అంటే, అది అలిగిపోతే జవాబుదారీ ఎవరని నిలదీశాడు. న్యాయమైన ప్రశ్నే. అధికారి అక్కడికక్కడే ప్రసంగం సవరించుకున్నారు.

"మేఘావృత వాతావరణము వలన కలుగు ఇబ్బందుల నుండి ప్రజలు తమను తాము కాపాడుకొనవలెను. ఆరుబయట తిరుగరాదు. కిటికీలు మూసి ఉంచవలెను. నీరు ధారాళముగా త్రాగవలెను."

ప్రజలు ఈ సూచనలను అక్షరాలా పాటించారు. ధారాళంగా తాగడానికి నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూశారు. ఆరుబయట తిరగొద్దన్న సంగతి గొర్రెలకు మాత్రం నచ్చజెప్పలేకపోయారు. అసలు చిక్కు కిటికీల దగ్గర వచ్చింది. మట్టిమిద్దెలకు కిటికీలు లేవు. వంటింటి కప్పులో గవాచి అని ఒక కంత ఉంటుంది, పొయ్యి పొగ పోవడానికి. ఉన్నదాన్నే మూయాలి కాబట్టి నరసింహప్ప మిద్దెక్కి దానిమీద బండ పరిచి, సందుల్లో మట్టి మెత్తాడు. బయటి మబ్బు లోపలికి రాలేదు. కంది కట్టెల పొగ బయటికి పోలేదు. ఆ సాయంత్రం సంగటి కెలుకుతూ కదిరమ్మ పొయ్యి దగ్గరే ఒరిగిపోయింది. పెదవులు నీలం తిరిగిన మనిషిని వాకిట్లోకి ఎత్తుకొచ్చి, ఒళ్ళో పెట్టుకుని నరసింహప్ప చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎంతోసేపటికి ఆమె కళ్ళు తెరిచింది.

అంతలో టైర్ల లారీలు రాక ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఆకాశం మళ్ళీ నీలమైంది. కదిరమ్మ చేనిదాకా తానే నడిచిపోయి, గట్టుమీద కూర్చుని పక్కింటామెతో నవ్వుతూ మాట్లాడింది. ఆమె నవ్వు విని నరసింహప్ప ప్రాణం కుదుటపడింది. తర్వాత ఎండ చూసి, కింద మొలవని ఉలవలను తలుచుకుని మళ్ళీ ఉసూరుమంది.

ఊరు తన మబ్బు కోసం మండలాఫీసు ముందు బైఠాయించింది. ఫ్యాక్టరీ యజమానిని మేళతాళాలతో పిలుచుకొచ్చి పూలమాల వేసింది. లాభం తనకు గడ్డిపోచతో సమానమనీ, ప్రజల కోరిక కాదనలేకనే మళ్ళీ పొయ్యి వెలిగిస్తున్నాననీ ఆయన గద్గద స్వరంతో సెలవిచ్చారు. నరసింహప్ప రాకూడదనే అనుకున్నాడు. ఊరంతా వెళ్తుంటే ఇంట్లో కూర్చోవడానికి మొహం చెల్లక వచ్చాడు. గొట్టంలోంచి నల్లగా లేచింది. మొలకెత్తిన చేను అతని కళ్ళముందు ఆడింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు.

అతను ఇల్లు చేరేసరికి పొగ ముందే చేరింది. కదిరమ్మ గోడకు ఆనుకుని, ఊపిరి కూడగట్టుకుంటూ కూర్చుని ఉంది.

"చప్పట్లు ఈడికి ఇనపడినాయి" అంది. కాసేపు దగ్గి, "నువ్వు గూడా కొట్టినావు గదా" అంది.

నరసింహప్ప ఆమె మొహం చూడలేక వాకిట్లోకి వచ్చి ఆకాశం వైపు తలెత్తాడు. వీధిలో అందరూ అప్పటికే తలలెత్తి ఉన్నారు. కింద ఎవరికి ఊపిరాడటం లేదో చూడటానికి ఊళ్ళో ఒక్కరూ మిగల్లేదు.