ముప్పై దాటితేనే ఉద్యమకారుడు

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె జోరుగా నడుస్తున్న రోజుల్లో, అసలైన ఉద్యమకారుడెవరో రక్తపరీక్ష చేసి తేల్చే పద్ధతి కోరుట్ల పట్టణంలో అమల్లోకి వచ్చింది. ఇంత శాస్త్రీయమైన ఏర్పాటు అటు జగిత్యాలలో గానీ ఇటు సిరిసిల్లలో గానీ అప్పటికి లేదు. ఈ విషయంలో కోరుట్ల ముందుండటం మనందరికీ గర్వకారణం.

ఆ పద్ధతి పుట్టిన వైనం కూడా ఘనమైనదే. పట్టణ ఉద్యమ కమిటీలో కన్వీనర్ కుర్చీ ఖాళీ అయింది. తమకు ఏమాత్రం ఇష్టం లేకపోయినా ప్రజల కోసం ఇద్దరు మహానుభావులు అందులో కూర్చోవడానికి సిద్ధపడ్డారు. ఒకరు ఆడవాళ్లతో బీడీలు చుట్టించే కాంట్రాక్టరు, అంటే టేకేదారు, లక్ష్మీరాజం. రెండోవారు రిటైరైన డ్రిల్లు మాస్టారు హన్మండ్లు. రాస్తారోకోలో ఎండకు మాడింది నేనంటే నేనని ఇద్దరూ మైకు గుంజుకుంటున్న సమయంలో, హన్మండ్లు మోకాళ్ల నొప్పికి జగిత్యాల వెళ్లి విటమిన్ డి పరీక్ష చేయించుకొచ్చారు. ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యే విటమిన్ అదేననీ, ముప్పై దాటితే బాగున్నట్టనీ, ఆయనకు నలభై ఒకటి ఉందనీ డాక్టరు చెప్పాడు. మాస్టారు రోజూ పొద్దున ఎండలో చొక్కా లేకుండా కసరత్తు చేస్తారని డాక్టరుకు తెలియదు. తెలిసినవాళ్లు గుర్తు చేయలేదు.

మర్నాడే దీక్షా శిబిరంలో ఆయన కాగితం పైకెత్తి గర్జించారు. "సోదరులారా! ఎవడు రోడ్డు మీదున్నడు, ఎవడు ఇంట్ల ఫ్యాను కింద పండుకున్నడు? నోరు అబద్ధమాడొచ్చు. నెత్తురు ఆడదు!"

చప్పట్లు ఆగకముందే తీర్మానం అయిపోయింది. ముప్పై దాటినవాళ్లే ఉద్యమకారులు. కన్వీనర్‌ను ఎన్నుకునే హక్కు వాళ్లదే. తతిమ్మా వాళ్లను సానుభూతిపరులుగా గుర్తించి, చప్పట్లు కొట్టే అవకాశం ఇస్తారు. బస్సులు బంద్, బడులు బంద్, ఆఫీసులు బంద్ అయినా రక్తం సీసాలు మాత్రం ఏ ఆటంకమూ లేకుండా హైదరాబాదు వెళ్లి ఫలితాలతో తిరిగొచ్చాయి.

ఉచితంగా రక్తపరీక్ష అనగానే అందరికంటే ముందు వరుసలో నిలబడింది మొగిలవ్వ. ఆమె లక్ష్మీరాజం కార్ఖానాకు బీడీలు చేస్తుంది. శిబిరంలో సంఖ్య తగ్గకూడదని టేకేదారు ఆడవాళ్లను పంపేవారు. అలా వచ్చిన మొగిలవ్వకు ఆ శిబిరం ఎంత నచ్చిందంటే, పంపని రోజు కూడా ఆకూ తంబాకూ వేసిన చేట పట్టుకుని వచ్చేది. షామియానా కింద ఉపవాసం కూర్చుని పొద్దుగూకేదాకా బీడీలు చుట్టేది. ఒక రోజు పోలీసులు శిబిరంలోకి జొరబడితే లాఠీ దెబ్బ భుజం మీద తిన్నది. మర్నాడు ఆ భుజంతోనే వచ్చింది. తన ఊరి కోసం తాను కూడా ఒక పని చేస్తున్నానన్న సంతోషం ఆమెకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

అయితే ఆమె వరుసలో నిలబడింది ఉద్యమం కోసం కాదు, నడుము కోసం. ఏడాదిగా కూర్చుంటే లేవలేదు, లేస్తే గోడ పట్టుకోకుండా నడవలేదు. ఎముకల్లో ఎవరో పురుగును వదిలినట్టు సలుపు. కూర్చోకపోతే బీడీ లేదు. బీడీ లేకపోతే కార్ఖానాలో పని ఇచ్చే కార్డు ఉండదు. ఇంట్లో బిడ్డ ప్రవళిక చదువు మానేసి చేట ముందు పెట్టుకోవాల్సి వస్తుంది. అదొక్కటే ఆమె భయం. తనకున్న రోగానికి ఒక పేరు ఉంటే మందు కూడా ఉంటుందని ఆమె ఆశ.

ఫలితం వచ్చింది. ఆరు.

"ఇంత తక్కువ పెట్టుకొని ఎట్ల తిరుగుతున్నవమ్మా?" అన్నాడు క్యాంపుకు వచ్చిన డాక్టరు. "వారానికో పొడి ప్యాకెట్ పాలల్ల కలుపుకొని తాగు. మధ్యాహ్నం అరగంట ఎండకు కూసో. మెల్లగ తగ్గుతది."

"ఎండకు కూసుంటె తగ్గుతదా సారూ?" మొగిలవ్వకు నవ్వొచ్చింది, కన్నీళ్లూ వచ్చాయి. ఎండే మందైతే ఇక తనకేం లోటు అనుకుంది.

అంతలో హన్మండ్లు ఆమెను పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగా విషయం చెప్పారు. "అవ్వా, నువ్వు రోజు వచ్చినవు. మేమందరం మా కండ్లతోని చూసినం. దెబ్బలు గూడ తిన్నవు. కానీ ఏం చేద్దాం, శాస్త్రం ఒప్పుకుంటలేదు."

"గదేంది సారూ? మీరే గద షామియానా కింద కూసోబెట్టింది?"

మాస్టారు ఈ ప్రశ్నను సానుభూతితో విన్నారు. సానుభూతిపరుల ప్రశ్నలకు జవాబు చెప్పాలని తీర్మానంలో లేదు.

పద్ధతి మాత్రం అద్భుతమైన ఫలితాలిచ్చింది. సారంగాపూర్ వైపు నుంచి మేకలు తోలుకొచ్చిన బక్కయ్యకు యాభై రెండు వచ్చింది. శాలువా కప్పి వేదిక మీద కూర్చోబెడితే, సమ్మె అంటే ఏందని పక్కాయన్ను అడిగాడు. ఆ వినయానికి సభ ముగ్ధమైంది. ఈ పద్ధతిని సిరిసిల్లకు కూడా అందించారు. అక్కడ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పగలంతా షెడ్లలో పనిచేసి, చీకటి పడ్డాక కాగడాలు పట్టిన నేత కార్మికులను పరీక్షిస్తే, ఆ ఊళ్లో ఉద్యమకారుడనేవాడే లేడని తేలింది. సిరిసిల్ల ఇంతకాలం మనల్ని ఎలా మోసం చేసిందో తలుచుకుని కోరుట్ల పెద్దలు బాధపడ్డారు.

ఇక లక్ష్మీరాజం. ఆయన రహస్యంగా చేయించుకున్న పరీక్షలో తొమ్మిది వచ్చింది. ఉద్యమాన్ని ఏసీ కారులోంచి నడిపినవాళ్లకు అంతకంటే ఎక్కువ రాదు. కానీ ఆయన అధైర్యపడే మనిషి కాదు. కోరుట్లలోని మందుల దుకాణాలన్నీ తిరిగి విటమిన్ పొడి ప్యాకెట్లన్నీ పెట్టెలతో సహా కొన్నారు. వారానికి ఒకటి తాగాల్సింది రోజుకు రెండు చొప్పున తాగారు. అంతటితో ఆగక, ఒంటికి నూనె రాసుకుని మధ్యాహ్నం మిద్దె మీద పడుకునేవారు. ప్రజల కోసం ఒక నాయకుడు ఇంత నిశ్శబ్దంగా కష్టపడటం అరుదు.

దుకాణాల్లో పొడి దొరకక, ఎక్కడుందో తెలుసుకుని, మొగిలవ్వ మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఆ మిద్దె ఎక్కింది.

"సేటూ, గా పొడి ఒక్కటి ఇయ్యరాదూ. డాక్టర్ రాసిచ్చిండు."

"ఇవి ఉద్యమానికి తెచ్చినయి మొగిలవ్వా. ఇంట్ల వాడుకునెటందుకు గావు," అన్నారు లక్ష్మీరాజం, బోర్లా తిరిగి వీపు కాచుకుంటూ.

"పోనీ తియ్ సేటూ. రోజు అరగంట ఎండకు కూసుంట. గంతసేపు బీడీలు తక్కువైతయి, కార్డు తియ్యకు."

"ఎండలనే చుట్టరాదూ?"

"ఎండ తాకితె తునికాకు పెళుసై చిట్లుతది గద. చిట్లిన బీడీలు నువ్వే ఏరి పారేస్తవు."

టేకేదారుకు ఈ సంగతి తెలుసు. ముప్పై ఏళ్లుగా ఆకు తడి ఆరకూడదని ఆడవాళ్లను నీడన కూర్చోబెట్టింది ఆయనే. "మరి ఆకు చూసుకుంటవా, నిన్ను చూసుకుంటవా నీ ఇష్టం," అని స్వేచ్ఛనిచ్చి కళ్లు మూసుకున్నారు.

ఎన్నిక రోజు ఆయన ఫలితాన్ని మైకులో చదివారు. నూట అరవై రెండు. ముప్పైకి నూట అరవై రెండు! అలాంటి త్యాగం చరిత్రలో లేదని హన్మండ్లే కళ్లు తుడుచుకుని దండ వేశారు. కొత్త కన్వీనర్ మాట్లాడటానికి లేచి, "సోదరులారా" అని, వేదిక మీదే వాంతి చేసుకున్నారు. విటమిన్ ఎక్కువై ఒంట్లో విషమైందట. ఆయన్ను జగిత్యాల ఆసుపత్రికి తీసుకెళితే కమిటీ మొత్తం కార్లలో వెంట వెళ్లింది. కొంతకాలం ఎండ ముఖం చూడొద్దని అక్కడి డాక్టర్లు ఆదేశించారు. ఉద్యమాన్ని ఆయన కర్టెన్లు వేసిన గదిలోంచి నడుపుతారని ప్రకటన వెలువడింది.

ఆ మధ్యాహ్నం కోరుట్ల శిబిరం ఖాళీ. ఇంట్లో మొగిలవ్వ చేటను ప్రవళికకు అప్పగించింది. పుస్తకం పట్టాల్సిన పిల్ల ఆకు చేతిలోకి తీసుకుంటే, తల్లి ముఖం తిప్పుకుని చాప చంకన పెట్టుకుంది. రేపు ఇది జరగకూడదంటే ఇవాళ ఎండ కావాలి అనుకుంది. ఆమె ఉండే సందులోకి ఎండ రాదు. వచ్చి శిబిరం ముందు, షామియానా బయట, రోడ్డు పక్కన చాప వేసుకుని కూర్చుంది. వెచ్చదనం నడుములోకి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ఉద్యమకారులను అరెస్టు చేయాలని పైనుంచి ఉత్తర్వు అందుకున్న ఎస్సై జీపులో వచ్చాడు. ఊరంతా వెతికితే దొరికింది ఈమె ఒక్కతే.

"ఏందవ్వా, నీ డిమాండ్ ఏంది?"

"ఎండ సారూ. అరగంట."

ఇలాంటి డిమాండ్ ఆయన ఎన్నడూ వినలేదు. ఏదో కొత్త పంథా అయి ఉంటుందని భయపడి జీపెక్కించాడు. స్టేషన్లో పెద్దావిడ కదా అని గౌరవంగా లోపలి గదిలో, నీడన, ఫ్యాను వేసి కూర్చోబెట్టాడు. ఆమె కిటికీ వైపు జరిగితే, ఎండ తగులుతుందని కిటికీ మూయించాడు కూడా.

తర్వాత కమిటీకి ఫోన్ చేశాడు. "మీ మనిషేనా?" కమిటీ ఆసుపత్రిలోనే అత్యవసర సమావేశం జరిపి, కన్వీనర్ పడక చుట్టూ చర్చించి, సదరు మహిళ స్థాయి ఆరు మాత్రమే గనుక ఉద్యమంతో ఆమెకు ఎలాంటి సంబంధమూ లేదని ఏకగ్రీవంగా తెలియజేసింది. ఉద్యమకారిణి కాని మనిషిని ఏ నేరం కింద పట్టుకోవాలో ఎస్సైకి పాలుపోక, చాలాసేపు ఆలోచించి వదిలేశాడు. ఆమె గోడ పట్టుకుని బయటికి వచ్చేసరికి పొద్దుగూకింది.

అరగంట ఎండ అడిగిన మనిషిని ఎవరి మనిషిగా లెక్కపెట్టాలో సర్కారుకు తెలియలేదు, ఉద్యమానికీ తెలియలేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి. లేవనక్కర్లేదు, ఉన్నచోటే నీడన కూర్చుని చెప్పొచ్చు.