తాలు ఏరే చెయ్యి

ఈ సృష్టిలోని సమస్త వస్తువులూ రెండే రకాలు: అసలు, నకలు. దేవుడు వెలుగునూ చీకటినీ వేరు చేసి అలసిపోయి, అసలునూ నకలునూ వేరు చేసే పని సర్కారు కచేరీలకు వదిలేశాడు. కచేరీలు ఆ పనిని నాటి నుంచి నేటి దాకా (ఆదివారాలూ, పండగలూ, భోజన విరామమూ పోను) నిరాఘాటంగా చేస్తూనే ఉన్నాయి.

ఈ రెండింటిలో దేనికీ చెందని ఒక మనిషి పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో గురజాల స్టేషన్‌లో రైలు దిగాడు. పేరు ఐజాక్. మద్రాసులో చదువుకుని, ఊళ్ళో హైస్కూలుకు టెంపరరీ డ్రాయింగు మేస్టరుగా వచ్చాడు. చేతిలో పరుపుచుట్ట, చంకలో ఉలుల సంచీ. ఆయన బొమ్మలు గీసే రకం కాదు, అచ్చు తీసే రకం. చెక్క మీద బొమ్మ చెక్కుతాడు. ఎత్తుగా మిగిలిన భాగానికి నల్లసిరా పూస్తాడు. పైన కాగితం పరిచి గరిటె వీపుతో రుద్దుతాడు. కాగితం ఎత్తితే బొమ్మ, మళ్ళీ సిరా పూస్తే మళ్ళీ బొమ్మ. చెక్కలో కుడివైపు ఉన్నది కాగితం మీద ఎడమవైపు అవుతుంది కనక ముందే తిప్పి చెక్కుకోవాలి. ఒక చెక్క నుంచి అయిదు అచ్చులు తీస్తే అయిదూ అసలే. ఇంత ప్రమాదకరమైన విద్య పెట్టుకుని ఆయన సర్కారు కొలువులో చేరాడు.

చేరిన వారంలోనే మొదటి చిక్కు వచ్చింది. పిల్లలకు చెక్కడం నేర్పాలంటే తలా ఒక ఉలి ఇవ్వాలి. హెడ్మాస్టరు అబ్దుల్ గఫార్ గారు నెమ్మదస్తులు. ఆ ఉలుల్ని ఒక్కొక్కటే వేలితో తాకి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మేస్టారూ, పల్నాట్లో పిల్లోళ్ళ చేతికి కత్తులిచ్చి పాఠం చెప్పారని తెలిస్తే ముందు పోలీసులొస్తారు, ఆ తర్వాత తండ్రులొస్తారు. ఇంకేదన్నా దారుంటే చూడండి."

ఐజాక్ దారి చూశాడు. బెండకాయను అడ్డంగా కోసి సిరాలో ముంచి కాగితం మీద అద్దితే నక్షత్రం వస్తుంది. పిల్లలు ఎగబడి నేర్చుకున్నారు. ఊళ్ళో బెండకాయ కూర కొన్నాళ్ళు కరువైంది గాని శాంతిభద్రతలకు లోటు రాలేదు.

ఆయన అసలు బెంగ బడిలో లేదు, గుంటూరులో ఉంది. భార్య గ్రేసమ్మ అక్కడ మిషన్ స్కూల్లో టీచరు, పర్మనెంటు. పెళ్ళయి రెండేళ్ళయినా కలిసి ఉన్నది సెలవుల్లోనే. "ఇద్దరిలో ఒకరన్నా కుదురుగా ఉండాలి. మీ ఉద్యోగం పర్మనెంటైన మర్నాడు పెట్టె సర్దుకునొస్తా. ఈ లోపల వస్తే మన పొయ్యి కూడా టెంపరరీ అయిద్ది" అని ఆమె తేల్చి చెప్పింది. ఐజాక్ సరేనన్నాడు. రాత్రి తన అన్నం తానే వండుకుని, సిరా వాసన వేసే గరిటెతోనే కలుపుకుని తినేవాడు. గ్రేసమ్మ లేని ఇల్లు ఆయనకు ఇల్లులా అనిపించేది కాదు, అంతే.

ఇలా ఉండగా కళాఖండ నిర్ధారణ శాఖ అని ఒకటి పుట్టింది. (ఎందుకు పుట్టిందో కనుక్కోవడానికి ఇంకో శాఖ పుట్టింది, దాని సంగతి మనకు అప్రస్తుతం.) ఆ శాఖ వారి ఉత్తర్వు ఇది: టెంపరరీ డ్రాయింగు మేస్టర్లు నరసరావుపేట ప్రదర్శనలో తమ చేతి బొమ్మ ఒకటి పెట్టవలెను. అది అసలు అని శాఖ నిర్ధారించవలెను. నిర్ధారణ అయిన మేస్టరుకు పర్మనెంటు సిఫారసు దొరకును. బొమ్మ బాగుండవలెనా అన్న విషయంలో ఉత్తర్వు మౌనం వహించింది.

ఐజాక్ ప్రాణం పెట్టి ఒక బొమ్మ చేశాడు. ఆయన గది వెనకే బసవమ్మ వాళ్ళ మిరప కల్లం. బసవమ్మ సొంతంగా సేద్యం చేసే మనిషి. పొరుగునున్న పాపానికి ఐజాక్‌ను తమ్ముడనీ, ఆయన వంటను కుడితి అనీ పిలిచేది. పొద్దున్నే మిరపకాయల రాశి ముందు కూచుని, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరి పక్కన పడేసేది. ఎడమచేత్తో ఏరేది. కాపురానికొచ్చిన నాటి నుంచి అత్తగారు ఆ ఎడమచేతిని తిట్టి తిట్టి కాలం చేసింది. వడ్డనకూ బొట్టుకూ కుడిచేయి అలవాటు చేసుకున్నా, కల్లంలో ఎవరూ చూడరన్న ధీమాతో బసవమ్మ కుడిచేతికి సెలవు ఇచ్చేది. ఐజాక్ చూశాడు. రాశి మీద తారాడే ఆ చేతినే తిప్పి చెక్కి, అయిదు అచ్చులు తీసి, తీసుకెళ్ళి శాఖ వారి బల్ల మీద పెట్టాడు.

నిర్ధారణాధికారి శ్రీమన్నారాయణ గారు ఇదివరకు పొలాల దస్తావేజులు చూసేవారు. బొమ్మల్నీ అదే చూపుతో చూసేవారు: ముందు హద్దులు, తర్వాత హక్కుదారు.

"ఇందులో అసలేది మేస్టారూ?"

"అయిదూ అసలేనండి."

అధికారి కలం కింద పెట్టారు. "ఒక పొలానికి అయిదు అసలు దస్తావేజులుంటే మన పల్నాట్లో ఏమైద్దో తెలుసా? తలకాయలు లేస్తయి. మీరు కొత్త కాబట్టి మెల్లిగా చెప్తున్నా. అసలు ఒకటే ఉంటది."

"నకలంటే అసలును చూసి రాసేదండి. ఇవి చెక్క నుంచి తీసినవి."

"అట్టా చెప్పండి మరి. అయితే చెక్కే అసలు. పట్టుకురండి. దాంతోపాటు మీ అసలు ఉద్యోగపు ఉత్తర్వు కూడా తేవాలి. బొమ్మ అసలో కాదో తేల్చేముందు మేస్టరు అసలో కాదో మాకు తెలియాలి గదా."

ఐజాక్ చెక్కా, ఉత్తర్వూ తెచ్చాడు. అటెండరు అంకారావు రెండింటినీ కలిపి పురికొసతో కట్టి బల్ల మీద పెట్టాడు. శ్రీమన్నారాయణ గారు చెక్కను చూశారు, కాగితాన్ని చూశారు, మళ్ళీ చెక్కను చూశారు.

"చెక్కలో కుడిచేత్తో ఏరతంది. కాగితంలో ఎడమచేత్తో ఏరతంది. నకలు అసలుతో సరిపోలలా."

"అచ్చులో తిరగబడుద్దండి. అద్దంలో మాదిరే."

"తిరగబడకుండా తియ్యండి."

"వీలు కాదండి. అది ప్రకృతి."

"ప్రకృతి మా శాఖ కిందికి రాదు" అన్నారు శ్రీమన్నారాయణ గారు, ఏమాత్రం కోపం లేకుండా. ఆయన మంచివారే. అందుకే అక్కడికక్కడ కొట్టిపారేయకుండా క్షేత్ర విచారణకు ఆదేశించారు. అసలు అబద్ధమా, నకలు అబద్ధమా అన్నది అసలుకు అసలైన బసవమ్మ చేతిని బట్టి తేలాలి.

విచారణ కల్లంలోనే జరిగింది. కుర్చీ వేశారు, కుర్చీ పక్కన బల్ల వేశారు. కోర్టు అనుకుని ఊరంతా వచ్చింది. హెడ్మాస్టరు గారు సాక్షి. ఐజాక్ లెక్క వేసుకున్నాడు. కుడిచేయి అని బసవమ్మ ఒక్క మాటంటే గ్రేసమ్మ గుంటూరులోనే ఉండిపోతుంది. కానీ పదిమందిలో ఈమె చేత ఎడమచేయి అనిపించడం ఏం న్యాయం? ఆయన బసవమ్మ దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించాడు.

"అక్కా, నీ ఇష్టం వచ్చినట్టు చెప్పు. నేనేం అనుకోను."

"నోరు మూసుకో తమ్ముడూ" అంది బసవమ్మ.

అధికారి గొంతు సవరించుకున్నారు. "ఏమ్మా, తాలు ఏ చేత్తో ఏరతావు?"

"నా చెయ్యి సంగతి సర్కారుకెందుకయ్యా?"

"అవసరముంది. చెప్పు."

బసవమ్మ చుట్టూ చూసింది. ఆడబిడ్డలు, తోటికోడలు, ఎదురింటివాళ్ళు, అందరూ ఉన్నారు. "ఎడంచేత్తో. ముప్పై ఏళ్ళ బట్టీ. ఏం, తాలు సరిగ్గా రాలేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. బసవమ్మ అటు తిరగ్గానే ఆ నవ్వు ఆగిపోయింది. ఐజాక్‌కు కళ్ళు చెమర్చాయి. మిరప ఘాటని అందరూ అనుకున్నారు, ఆయన కాదనలేదు.

వాంగ్మూలం కింద, అయిదు అచ్చుల మీదా బసవమ్మ వేలిముద్ర వేయాలన్నారు. అంకారావు ఆమె కుడిచెయ్యి పట్టుకోబోతే అధికారి వారించారు. "ఎడం బొటనవేలు. సర్కారుకెప్పుడూ ఎడమదే కావాలి."

"నేను కుడిచేత్తో ఏరతానన్నా ఎడం వేలే అడిగేవోళ్ళా?"

"ఎప్పుడైనా ఎడమదే."

"మరి మా అత్త నన్ను ఉత్తపుణ్యానికి తిట్టింది" అంది బసవమ్మ, వేలు చాపుతూ.

అయిదు వేలిముద్రలు పడ్డాయి. వాటిని చూస్తుంటే ఐజాక్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"సార్, ఈ అయిదింట్లో అసలు ముద్ర ఏదండి?"

"అన్నీ అసలే. వేలు ఒకటే గదా."

"చెక్కా ఒకటేనండి."

శ్రీమన్నారాయణ గారు బసవమ్మ వేలిని పరీక్షగా చూశారు. "వేలుకు మనిషి ఉంటాడు. చెక్కకు ఉండడు. పైగా అసలును మా దగ్గర జమ చెయ్యాలి. వేలును జమ చెయ్యమని ఏ శాఖా అడగలేదు, ఇప్పటి దాకా."

ఆ చివరి మాట బసవమ్మకు నచ్చలేదు. చెయ్యి కొంగులో దాచుకుంది. "వేలు కూడా పెట్టెలో పెట్టి సీలేస్తారేంది?"

తీర్పు మర్నాడు వచ్చింది. నకలు వాస్తవంతో సరిపోయినది కనక నకలే అసలు. అసలు వాస్తవానికి విరుద్ధంగా ఉన్నది కనక అది అబద్ధపు అసలు. అబద్ధపు అసలును తదుపరి విచారణ దాకా ఇనప్పెట్టెలో పెట్టి సీలు వేయడమైనది. అయిదు కాగితాల్లో ఏది అసలన్న ప్రశ్నకు అంకారావు చేతికందినదాన్ని తీశాడు. మిగతా నాలుగింటికీ 'అసలుకు తీసిపోని నకలు' అని వెనక రాసి ఐజాక్‌కు తిరిగిచ్చారు.

చెక్క పెట్టెలోకి పోతుంటే ఐజాక్ పెట్టె దాకా దాని వెంటే నడిచాడు. ఆ చేతిని చెక్కడానికి పడిన కష్టం ఆయనకే తెలుసు. ఇక ఆ బొమ్మ ఇంకొక్కటి రాదు. కానీ గ్రేసమ్మ వస్తుంది అనుకుని మనసు చిక్కబట్టుకున్నాడు.

నరసరావుపేట ప్రదర్శనలో బొమ్మ వేలాడింది. జనం బాగానే వచ్చారు. మిరప వర్తకులు ముందు నిలబడి, తలలు వంచి, నల్లటి రాశిని శ్రద్ధగా పరీక్షించారు. కాయ తడిసిందన్నారు కొందరు, బూజు పట్టిందన్నారు మరికొందరు. ఈ సరుకు తమకొద్దన్న విషయంలో అందరిదీ ఒకటే మాట. ఐజాక్ జీవితంలో అంత నిశితంగా తన బొమ్మను చూసినవాళ్ళు మళ్ళీ తారసపడలేదు.

సిఫారసు వెళ్ళింది, ఉత్తర్వు వచ్చింది. టైపు మిషన్లో మధ్య మధ్య కార్బను వేసి అయిదు పొరల కాగితం పెట్టి కొట్టినవాటిలో ఐజాక్‌కు అందినది అడుగుపొర. ఎండకేసి పట్టుకుంటే అక్షరాలు అక్కడక్కడా ఉన్నట్టు అనుమానం కలుగుతుంది. ఇందులో అసలు ఏదని ఆయన కచేరీలో అడిగాడు. అయిదూ అసలేనన్నారు.

ఉత్తర్వు సారాంశం: డ్రాయింగు మేస్టరు పోస్టు పర్మనెంటు చేయడమైనది. అందులో ఉన్న మనిషి తన అసలు ఉద్యోగపు ఉత్తర్వు చూపగానే ఆయననూ పర్మనెంటు చేయడమగును. అంతవరకు పోస్టు ఖాళీగా ఉన్నట్టు భావించి, ప్రస్తుత మేస్టరు టెంపరరీగా పాఠాలు చెప్పవలెను.

అసలు ఉత్తర్వు ఎక్కడుంది? చెక్కతోపాటు, పురికొసతో సహా, పెట్టెలో ఉంది. పెట్టె ఎప్పుడు తెరుస్తారు? విచారణ ముగిసినప్పుడు. విచారణ ఎవరు ముగించాలి? శ్రీమన్నారాయణ గారు. ఆయనను చేపల శాఖకు బదిలీ చేశారు. విచారణ త్వరగా ముగించమని ఐజాక్ అర్జీ పెట్టవచ్చా? నిక్షేపంగా పెట్టవచ్చు, పర్మనెంటు ఉద్యోగి అయితే.

గ్రేసమ్మకు ఈ సంగతి రాయడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఉత్తర్వునే కవరులో పెట్టి పంపాడు. ఆమె జవాబు రాయలేదు. శనివారం మాచర్ల బండికి పెట్టెతో సహా దిగింది. గదిలోకి వచ్చి పొయ్యి చూసింది, గరిటె చూసింది, గరిటెకున్న సిరా చూసింది.

"గ్రేసూ, ఆ కాగితం ఎండలో పట్టుకుని చదివావా? పర్మనెంటైంది పోస్టు. నేను కాదు."

"చదివా. ఉద్యోగం పర్మనెంటైతే వస్తానన్నా, అయింది గదా. మనిషి సంగతి నేను చూసుకుంటా. ముందు ఇంకో గరిటె కొనుక్కురండి."

ఐజాక్ బజారుకు పరుగెత్తాడు. అంత సంతోషం ఆయన ఎరగడు. ఆ పూట బసవమ్మ గిన్నెడు గోంగూర పచ్చడి తెచ్చి, అందరూ చూస్తుండగానే ఎడమచేత్తో వడ్డించింది.

తర్వాత సంగతులు మామూలే. గ్రేసమ్మ అదే ఊళ్ళో బడిలో చేరింది. ఇద్దరు పిల్లలు పుట్టారు. నాపరాళ్ళతో ఇల్లు కట్టుకున్నారు, ముందు గదిలో ఐజాక్ చెక్కలు. బెండకాయతో మొదలెట్టిన పిల్లల్లో కొందరు ఉలి పట్టే వయసుకొచ్చి మద్రాసు వెళ్ళి, మేస్టర్లై తిరిగొచ్చారు. (వాళ్ళు పర్మనెంటు.)

పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో పైనుంచి తనిఖీకి ఒక ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. ఐజాక్ ఇంట్లోనే భోంచేశారు. మజ్జిగ తాగుతూ గోడ మీది బసవమ్మ బొమ్మ చూసి, ఎవరు చేశారో గాని చెయ్యి మాత్రం భలే కుదిరిందన్నారు. వెళుతూ వెళుతూ స్కూలు గురించి నాలుగు మంచి ముక్కలు రాశారు. డ్రాయింగు మేస్టరు పోస్టు మాత్రం తొమ్మిదేళ్ళుగా ఖాళీగా ఉందని విచారం వెలిబుచ్చి, ఎవరైనా మంచి మేస్టరు ఈ ఊరు వచ్చి స్థిరపడేలా చూడవలసిందిగా గట్టిగా సిఫారసు చేశారు.