మూడో మలుపు రాయి

ఆ ఉదయం ఆయన సంకల్పం చాలా చిన్నది: కాస్త నడక, ఒక కాఫీ, ఆపైన పందెం ముగిసే గీత దగ్గర నోరు మెదపకుండా నిలబడటం. ముప్ఫై ఏళ్లు కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరైన మనిషికి మూడోదే కష్టం. కూతురు కొండ మీంచి సైకిల్ మీద దూసుకుదిగే పందేల్లో పోటీపడుతుంది. దేశదేశాలవాళ్లు వచ్చిన ఈ పందెంలో తొలి పదిమందిలో నిలిస్తేనే జట్టులో చోటు, లేదంటే ఇంటిదారే.

నడక ఆయనను ట్రాకు దగ్గరకు తీసుకువెళ్లింది. మూడో మలుపు నడిమధ్యన గుమ్మడికాయంత రాయి ఉంది. "కళ్లున్నవాడు ఒక్కడూ లేడా ఇక్కడ!" అని విసుక్కుని, రెండు చేతులా ఎత్తి పొదలో పడేశారు. రాయి లేకపోతే కూతురు పడదు, పడకపోతే గెలుస్తుంది. తర్కంలో ఎక్కడా లోపం లేదు.

జెండా పట్టుకుని ట్రాకుకు కాపలా ఉన్న ఆవిడ వచ్చి చూస్తే రాయి మాయం. ముందురోజు పోటీదారులందరూ ట్రాకంతా నడిచి, ఎక్కడ బ్రేకు వదలాలో, ఎక్కడ తిప్పాలో ఆ రాయినే గుర్తుగా పెట్టుకున్నారు. అలాంటిదే ఇంకోటి వెతికి తెచ్చి, ఉజ్జాయింపుగా పెట్టి పక్క మలుపుకు వెళ్లింది. తిరుగునడకలో ఆయన దాన్ని చూశారు. "ఇదెక్కడి మొండిరాయిరా బాబూ!" అని అదీ తీసేశారు. ఆవిడ మూడోది మోసుకొచ్చి పెడుతుండగా వేరే జట్టు కోచ్ కంటపడింది.

"ఎవరి కోసమమ్మా ఈ సేవ?"

"ఎవరి కోసమూ కాదు. ఉన్న రాయినే పెడుతున్నా."

"ఉన్నదాన్ని పెట్టడమేంటి? ఉంటే ఉంటుందిగా!"

కాసేపటికి నాలుగు జట్లు, ఇద్దరు జడ్జీలు ఆ మలుపులో గుమిగూడారు. ఫోన్లు బయటికొచ్చాయి; ముందురోజు తీసిన ఒక్కో ఫోటోలో రాయి ఒక్కోచోట ఉన్నట్టుంది. పందెం ఆగింది. జెండా ఆవిడను పంపించేయాలన్న మాట చెవిన పడేసరికి ఆయన ఉండబట్టలేకపోయారు.

"ఆవిడ తప్పేం లేదండీ. తీసింది నేను. రెండుసార్లు."

కూతురు హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చింది. "నాన్నా, నువ్వు కాఫీకి కదా వెళ్లావు?"

"రాయి తగిలి పడతావేమోనని తల్లీ..."

"అది అడ్డం కాదు నాన్నా, గుర్తు!"

పెద్ద జడ్జి నిట్టూర్చాడు. "తీసింది మీరే కాబట్టి తెలిసిందీ మీకే. ఎక్కడిది అక్కడ పెట్టండి."

ఆయన ఆవిడ పెట్టిన రాయిని పక్కకు తీసి, పొదలోంచి అసలు రాయిని తెచ్చి, ఒక్క క్షణం కళ్లు మూసుకుని, కిందపెట్టారు. "అక్షరాలా ఇక్కడే." తీసినవాడి సాక్ష్యాన్ని ఎవరు కాదంటారు? పందెం మొదలైంది.

ముగింపు గీత దగ్గరి తెర మీద ఆయన చూస్తూనే ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు ఆ రాయిని నమ్మి ఆలస్యంగా తిప్పడం, మెత్తని బురదలోకి జారి కాలు ఆనించడం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, మూడేసి సెకన్లు మాత్రం పోయాయి. ఈ ఆటలో అది చాలు. కూతురు రాయి వైపు కన్నెత్తయినా చూడకుండా లోపలి అంచున తిరిగి దిగిపోయింది. నాలుగో స్థానం. జట్టులో చోటు ఖాయం.

"రాయి దాని అసలు చోట లేదని నీకెలా తెలిసిందమ్మా?" అన్నారు నీరసంగా.

"ఇంట్లో సోఫా జరిపినప్పుడల్లా 'ఇదివరకు ఇక్కడే ఉండేది' అంటావు. ఒక్కసారన్నా అక్కడుందా నాన్నా?"

ముప్ఫై ఏళ్లు ఆయన మాట నమ్మినవాళ్లకు ఏం ఒరిగిందో ఎవరూ చెప్పలేరు గాని, నమ్మనందుకు మాత్రం ఒకరికి మేలు జరిగింది.