డబ్బాలోకి ఎక్కిన పప్పు

పప్పు తినడం దండగ. లైసిన్ డబ్బా కొనండి!

ఈ మాట అంటున్నది ఏ కంపెనీ మనిషో కాదు. మైలవరం పక్క పల్లెలో పప్పన్నం తిని పెరిగి, ఊరి బళ్ళో చదివి, ఇప్పుడు విజయవాడ పటమటలో ఒక న్యూట్రిషన్ సెంటర్లో డైట్ చార్టులు టైపు చేసుకుంటున్న నేను. డాక్టర్ని కాను. డైటీషియన్ని అంతకన్నా కాను. కానీ రోజుకు ఇరవై చార్టులు టైపు చేస్తే ఎవరికైనా కాస్త జ్ఞానం అంటుకుంటుంది కదండీ! నాకు కాస్త ఎక్కువే అంటుకుంది. టిఫిన్ బండి దగ్గర పక్కవాళ్ళ ప్లేట్లో పునుగుల్ని చూసి వాళ్ళ మీద జాలిపడే దాకా వచ్చింది.

ముందు విషయం చెబుతాను. లైసిన్ ఒక అమైనో ఆమ్లం. ఒంట్లో కండ పట్టాలన్నా, గాయం మానాలన్నా అది కావాలి. మన ఒళ్ళు దాన్ని సొంతంగా తయారు చేసుకోలేదు. తిండిలోంచే రావాలి. బియ్యంలో అది తక్కువ, పప్పులో ఎక్కువ. అందుకే అన్నంలో పప్పు కలుపుకుంటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. ఇదంతా మా ఊళ్ళో కృప టీచర్ గారు ఎనిమిదో తరగతిలోనే చెప్పారు. ఫీజు తీసుకోకుండా చెప్పారు కాబట్టి అప్పట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు.

మరి పప్పులోనే ఉంటే డబ్బా ఎందుకంటారా?

అక్కడే ఉంది కిటుకు! పప్పుకు ఒక పెద్ద లోపం ఉంది. అది గిన్నెలో ఉంటుంది. గిన్నెలో గరిటె ఉంటుంది. ఆ గరిటె ఏ కంచం వైపైనా తిరుగుతుంది. డబ్బా అలా కాదు. దానికి మూత ఉంది, మూత కింద సీలు ఉంది, సీలు కింద కొలత చెంచా ఉంది. ఎవరి కోసం కొంటే వాళ్ళదే. ఇంత క్రమశిక్షణ కందిపప్పుకు ఎప్పుడైనా ఉందా?

పైగా డబ్బా వల్ల మనిషికి వచ్చే గౌరవం వేరు. మా సెంటర్‌కు తిరుపతిరావు గారని ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు వస్తారు. ఇంట్లో రోజూ పప్పు, పొద్దున గుడ్డు, వారానికి మూడుసార్లు చేపల పులుసు. అయినా ఒంట్లో లైసిన్ చాలడం లేదని ఆయనకు అనుమానం. వాకింగ్‌లో స్నేహితులు ఎదురైతే బీపీ, షుగరు లాంటి పాతకాలపు సంగతులు అడగరట. "మీ అమైనోలు ఎలా ఉన్నాయండీ?" అని అడుగుతారట! ఈ లెక్కన వచ్చే ఏడాదికి పటమటలో పెళ్ళిళ్ళకు రిటర్న్ గిఫ్టులు లైసిన్ డబ్బాలే. గృహప్రవేశాల్లో పాలు పొంగించాక అందులో ఒక చెంచా వేస్తారు. ఆటోల వెనక 'అమ్మ దీవెన' తీసేసి 'అమైనో దీవెన' అని రాయించుకుంటారు. రాసిపెట్టుకోండి!

ఇంత గొప్ప వస్తువు మా ఇంటికి చేరకపోతే ఎలా?

మా అమ్మ గౌసియాకు నలభై ఆరేళ్ళు. నాన్న బాజీ పరుపులు కుడతారు. అమ్మ దూది ఏకి నింపుతుంది, ఆ చేతుల్తోనే వంట చేస్తుంది. ఈ ఏడాది రెండుసార్లు కళ్ళు తిరిగి పడింది. ఒకసారి పొయ్యికి జానెడు దూరంలో. ఆస్పత్రిలో డాక్టరమ్మ గారు కనురెప్ప కిందికి లాగి చూసి, రక్తపరీక్ష చేయించి, మాత్రలు రాసిచ్చి, ఒంట్లో బలం లేదు, పప్పు, గుడ్డు బాగా తినాలమ్మా అన్నారు.

పప్పు తినమనడం నాకు వింతగా తోచింది. మా ఇంట్లో పప్పు లేని రోజు లేదు. వండేది అమ్మే. వండే మనిషికి పప్పు తక్కువవుతుందని ఎవరైనా అనుకుంటారా? కాబట్టి లోపం పప్పులోనే ఉందని తేల్చేశాను. జ్ఞానం అంటుకుంటే ఇంత త్వరగా తేలుతుంది.

డబ్బా కొన్నాను. ఆదివారం తీసుకెళ్ళి, పాలల్లో ఎలా కలుపుకోవాలో చూపించి, ఇది నీకు నెల రోజులు వస్తుందని చెప్పి, బస్సెక్కి వచ్చేశాను. పది రోజుల తర్వాత ఫోన్ చేస్తే డబ్బా అయిపోయిందంది. ఎంత సంతోషించానో! త్వరగా కోలుకోవాలని పూటకో చెంచా తాగేసిందన్నమాట.

మళ్ళీ ఆదివారం వెళ్ళాను. గుమ్మంలోనే ఫలితాలు కనిపించాయి. నాన్నకు నడుం నొప్పి తగ్గిందట. తమ్ముడు అఫ్జల్ చొక్కా చెయ్యి పైకి మడిచి కండ చూపించాడు. పక్కింటి సీతారావమ్మ గారి మనవడు కూడా ఈమధ్య హుషారుగా ఉన్నాడట. అమ్మ మాత్రం నన్ను చూసి మంచం పట్టె పట్టుకుని లేచింది.

"మరి నువ్వు తాగలేదా అమ్మా?" అన్నాను.

"తాగకేం? అందరిదీ అయ్యాక డబ్బా కడుక్కుని తాగాను. అడుగున బాగానే పట్టి ఉందిలే, చిక్కగానే వచ్చింది."

తప్పు నాన్నదీ అఫ్జల్‌దీ అని వెంటనే తేల్చేశాను. మామూలుగా నేను పూటకు పది మాటలు మించి మాట్లాడను. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట్లాడాను. అన్నంలో ఏది తక్కువో, పప్పులో ఏది ఎక్కువో, అది అందకపోతే మనిషి ఎలా నీరసిస్తుందో, సెంటర్లో టైపు చేసినదంతా ఒక్క పేజీ వదలకుండా చెప్పాను. నాన్న తల వంచుకుని తిన్నారు. అఫ్జల్ "నిజమే అక్కా" అంటూ అప్పడం విరిచాడు. నా కంచంలో గరిటె మీద గరిటె పడుతూనే ఉంది. ఆవేశంలో ఉన్నాను కదా, కలుపుకు తింటూనే ఉన్నాను.

ఉపన్యాసం అయ్యాక చూశాను. మేం ముగ్గురం లేచిన చోట అమ్మ ఒక్కతే కూర్చుంది. ఖాళీ పప్పుగిన్నెలో వేడినీళ్ళు పోసి, గరిటెతో అంచులు గీకి, కాస్త చింతపండు పిసికి, ఉప్పేసి, అన్నంలో పోసుకుంటోంది.

ఈ చారును నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. అది అమ్మకు ప్రాణమని అనుకునేదాన్ని. బళ్ళో 'మా అమ్మ' అని వ్యాసం రాయమంటే, మా అమ్మకు చారంటే ఇష్టం అని రాశాను కూడా. పదికి ఎనిమిది మార్కులొచ్చాయి.

"నాకెందుకమ్మా అన్నిసార్లు వడ్డించావు?" అన్నాను.

"నువ్వు అంత బాగా చెబుతుంటే, ఇంకో గరిటె వెయ్యాలనిపించింది తల్లీ," అంది.

పటమట వచ్చి రెండో డబ్బా కొన్నాను. పరిశోధన మధ్యలో ఆపకూడదు కదా! ఈసారి సెంటర్ ప్రింటర్ మీద పెద్ద అక్షరాలతో 'ఆడవాళ్ళకు మాత్రమే' అని కొట్టి డబ్బాకు అంటించాను. మగవాళ్ళు తాగితే మీసం రాలుతుందని కింద చిన్న అక్షరాల్లో హెచ్చరిక కూడా పెట్టాను. వారం తిరిగేసరికి దాన్ని ఇంటికి చేర్చాను. నాన్న ఆ డబ్బా పెట్టిన గూటి వైపు చూడనే లేదు. అఫ్జల్ ఒకసారి చూసి, చేత్తో మూతి తడుముకుని వెళ్ళిపోయాడు. నా తెలివికి నేనే మురిసిపోయి బస్సెక్కాను.

గదికి వచ్చి సంచి విప్పితే, పచ్చడి సీసా పక్కన, పాత చీర ముక్కలో చుట్టి, అదే డబ్బా. సీలు కూడా తీయలేదు.

ఫోన్ చేశాను. "ఆడవాళ్ళకే అని రాసుంది కదే. ఊరు కాని ఊళ్ళో వేళకు తింటున్నావో లేదో, నువ్వే తాగు," అంది. గొంతు నీరసంగా ఉందేమిటని అడిగితే, నన్ను బస్సెక్కించి ఇంటికొస్తుంటే దారిలో కళ్ళు తిరిగాయని, కాసేపేనని చెప్పింది.

అయినా సరే, లైసిన్ డబ్బా పనికిరాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా నాన్నకు పనిచేసింది. మా తమ్ముడికి పనిచేసింది. పక్కింటి పిల్లాడికి సైతం పనిచేసింది. నేనూ రోజూ పొద్దున ఒక చెంచా పాలల్లో కలుపుకుని తాగుతున్నాను. నాకైతే బ్రహ్మాండంగా పనిచేస్తోంది. లేకపోతే, పప్పుగిన్నె ఖాళీ చేసిన చేత్తోనే ఇంత పెద్ద వ్యాసం రాసే బలం నాకెక్కణ్ణుంచి వస్తుందండీ?