వారసత్వ బాత్రూమ్

విశ్వవిద్యాలయ ప్రాంగణంలో, తార్నాక వైపు గేటుకు దగ్గరగా ఉన్న విక్టోరియా కాలపు బంగళాలో, కట్టడ పరిరక్షణ సమితి తొలి సమావేశానికి హాజరైనవారు, కూర్చున్న వరుసలో: అధ్యక్షులు, చరిత్ర శాఖ ఆచార్యులు భానుప్రకాశ్ గారు, చేతులున్న కుర్చీలో; ఆంగ్ల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పాఠం చెప్పి విరమించిన నేను, సుందరరావు, చేతులు లేని కుర్చీలో; అసిస్టెంట్ ఇంజనీరు పరుశురాం, స్టూలు మీద. నిలబడినవారు: బంగళా ఊడ్చి, తుడిచి, టీ ఇచ్చే భారతమ్మ. నిలబడినవారి పేరు మినిట్స్‌లో రాయడం ఆనవాయితీ కాదు. మినిట్స్ రాసేది నేనే కనుక ఇక్కడ రాస్తున్నాను.

"ఈ బంగళాలో ఒక్క ఇటుక కదలాలన్నా చరిత్ర అనుమతి కావాలి," అని అధ్యక్షులు ప్రకటించారు. చరిత్ర అంటే ఎవరో మాకు తెలుసు కనుక తల ఊపాము.

ఇటుకలు ఎందుకు కదలాలో మనవి చేస్తాను. రైల్వేలో పనిచేసిన ఒక ఆంగ్లేయుడు కట్టించుకున్న ఈ బంగళాకు ఎనిమిది గదులు, పద్నాలుగు తలుపులు, నాలుగు పొగగొట్టాలు ఉన్నాయి. హైదరాబాదు ఎండలో నాలుగు పొగగొట్టాలతో ఆయనకు ఏమి పని పడిందో తెలియదు. బాత్రూమ్ మాత్రం ఒక్కటీ లేదు. వచ్చే ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వచ్చి ఈ బంగళాలోనే కూర్చుంటుంది. గతసారి వచ్చినవారిని అవసరం కలిగినప్పుడల్లా కారెక్కించి తార్నాకలోని ఒక హోటలుకు తీసుకువెళ్లారు. వారు తమ నివేదికలో అన్నింటినీ మెచ్చుకుని, గ్రేడు మాత్రం తగ్గించారు.

అయితే ఫైలులో అడుగున ఉన్న కాగితం ఆ బృందానికి సంబంధించినది కాదు. అది భారతమ్మ దరఖాస్తు. రెండేళ్ల నాటిది. తొమ్మిదేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాననీ, ఆడమనిషి వెళ్లే చోటు లేక అర మైలు అవతల ఉన్న లేడీస్ హాస్టలుకు నడుస్తున్నాననీ, అక్కడి వాచ్‌వుమన్ దయ ఉన్న రోజున రానిస్తుందనీ, దయ లేని రోజులకు భయపడి పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేశాననీ అందులో ఉంది. ఫైలు చేతికి రాగానే ఆ దరఖాస్తులోని అక్షరదోషాలను ఎర్ర సిరాతో దిద్దినవాడిని నేనే. అలవాటు. విషయం మీద మాత్రం నేను కూడా ఏమీ రాయలేదు.

"ఒక ప్రాబ్లం ఉన్నది సార్," అన్నాడు పరుశురాం. "ఇది హెరిటేజ్ బిల్డింగ్. రూల్ ప్రకారం కొత్తగ ఏం కట్టొద్దు. పాతది ఖరాబైతే మంచిగ చేయొచ్చు."

"అంటే?"

"అంటే బాత్రూమ్ కట్టాలంటే, ముందుగాల్నే బాత్రూమ్ ఉండాలె సార్."

ఇంత స్పష్టమైన నిబంధనను నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

దొర, దొరసాని ఈ ఇంట్లో సంసారం చేశారు కనుక వారికి కూడా దేహధర్మాలు ఉండి తీరాలని నేను తర్కబద్ధంగా వాదించాను. "తర్కం చాలదు, ఆధారం కావాలి," అన్నారు అధ్యక్షులు. పాత నక్షాలు చెదలు తిన్నాయి. మేము గోడలు తట్టి చూశాము, నేల కొలిచాము. పడమటి గది వెనుక గోడలో మనిషి వంగితే పట్టే చిన్న తలుపు ఒకటి ఉంది. అది పూజారులు వచ్చే తలుపు కావచ్చునని అధ్యక్షులు ఊహించారు. ఆంగ్లేయుడి ఇంటికి పూజారి ఎందుకు వస్తాడని అడగబోయి, వారి కుర్చీ వైపు చూసి మానుకున్నాను.

అప్పుడు టీ కప్పులు తీస్తున్న భారతమ్మ అన్నది: "గా తలుపు పూజారిది కాదు సార్. మా నాయనమ్మ తలుపు."

"మీ నాయనమ్మ ఈ ఇంట్లో ఉండేదా?"

"ఉండనిస్తరా? గా గదిల దొడ్డికి కూసునే కుర్చీ ఉండేటిదంట, దాని కింద డబ్బా. దొరసాని లేవకముందే మా నాయనమ్మ గా చిన్న తలుపులకెళ్లి వంగి వచ్చి, డబ్బా తీస్కొని, నెత్తి మీద పెట్టుకొని లాలాగూడ అవుతల నాలా దాక పోయేటిది. పెద్ద తలుపుకెళ్లి వస్తే కొట్టేటోళ్లంట."

నాకు సిగ్గు వేసింది. అధ్యక్షుల ముఖం మాత్రం వెలిగిపోయింది.

"మౌఖిక చరిత్ర," అన్నారు. "ప్రత్యక్ష వారసురాలు. సుందరరావు గారూ, వాంగ్మూలం రాయండి."

నేను రాశాను. నా శైలికి పేరుంది. "వాంగ్మూలమిచ్చిన వ్యక్తి పితామహి ప్రతిదినం ఉషఃకాలమున పశ్చిమ ద్వారం గుండా ప్రవేశించి, గృహ పారిశుద్ధ్య సంప్రదాయాన్ని అవిచ్ఛిన్నంగా నిర్వహించినది." చదివి వినిపించాను.

భారతమ్మ నా వైపు చూసింది. "నేను గిట్లనే చెప్పిన్నా సార్? మా నాయనమ్మ బతుకు గింత మంచిగ ఉండెనా?"

పరుశురాం నేల చూశాడు. ఆమె సంతకం చేసి, కలం తిరిగి ఇస్తూ అడిగింది: "అయితే బాత్రూమ్ అయితదా సార్? నేను పోవచ్చా?"

"ఏం మాట్లాడుతున్నావు భారతమ్మా, ఇది నీ దరఖాస్తే కదా," అన్నారు అధ్యక్షులు.

పనికి మంజూరు వచ్చింది. ఆధునిక సౌకర్యం కావాలి, విక్టోరియా స్వరూపం చెడకూడదు: ఈ రెండింటినీ సమన్వయం చేయడానికి ఎనిమిది సమావేశాలు పట్టాయి. ఇత్తడి నల్లా ఎడమకు తిరగాలా, కుడికి తిరగాలా అన్న అంశం రెండింటిని మింగింది. నీళ్ల ట్యాంకును తల మీద ఎత్తున పెట్టి గొలుసు వేలాడదీయాలని అధ్యక్షులు పట్టుబట్టారు. సింహపు పాదాల ఇనుప తొట్టిని నలుగురు మోసుకొచ్చారు.

"దీన్ల నీళ్లు నింపాలంటే మా లాలాగూడ క్వార్టర్సుకు ఒక దినం నల్లా బంద్ చేయాలె సార్," అన్నాడు పరుశురాం.

"స్నానం చేయడానికి కాదయ్యా. వాతావరణం కోసం."

మే నెలలో భారతమ్మ తొమ్మిది రోజులు రాలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయిందని ఆసుపత్రిలో చేర్చారు. ఇంకోసారి ఇలా అయితే కష్టమని డాక్టరు చెప్పాడట. ఆరవ సమావేశపు మినిట్స్‌లో ఇది ఇలా నమోదైంది: "అనివార్య కారణాల వల్ల టీ సరఫరా కాలేదు." ఆ వాక్యం కూడా నాదే.

ఫిబ్రవరి నాటికి గది సిద్ధమైంది. తెల్లటి టైళ్లు, పసుపు పచ్చని ఇత్తడి, గోడకు చట్రంలో నా వాంగ్మూల పాఠం. తనిఖీకి ముందు రోజు గుమ్మానికి అడ్డంగా ఎర్ర పట్టుతాడు కట్టి, ఒక ఇంగ్లీషు పలక వేలాడదీశారు. భారతమ్మ పరుశురాంను పట్టుకున్నది.

"ఏం రాసిండ్రు సార్ గిది?"

"'వారసత్వ ప్రదర్శన. తాకరాదు, వాడరాదు' అని."

"బాత్రూమును వాడొద్దా?"

"పాతదాన్ని బాగు చేసినమని చూపించి సాంక్షన్ తీసుకున్నం కద. పాతదంటే వారసత్వ వస్తువు. వస్తువును వాడొద్దని రూలు."

"మరి నా దరఖాస్తు?"

పరుశురాం ఇబ్బందిగా కదిలాడు. "అది క్లోజ్ అయింది భారతమ్మా. పని అయిపోయింది కదాని. ఈ గది నీ దరఖాస్తు మీద రాలే, మీ నాయనమ్మ మీద వచ్చింది."

అధ్యక్షులు మరొక ఏర్పాటు చేశారు. రోజూ ఇత్తడి తుడవడానికి భారతమ్మ ఆ చిన్న తలుపు గుండానే వంగి లోపలికి రావాలి. సందర్శకులకు ప్రామాణికంగా ఉంటుంది.

ఆమె ఇత్తడి తుడిచే గుడ్డ అందుకుంది. నేను ఆ ఏర్పాటును మినిట్స్‌లో రాశాను. ఆమెకు ఉద్యోగం పోతుందన్న భయముంది; విరమించిన నాకు అదీ లేదు.

మర్నాడు తనిఖీ బృందం వచ్చింది. దానికి పెద్ద స్వర్ణ గారు, నా వయసు ఆచార్యురాలు. బృందంలో మరో ఇద్దరు. పొద్దుటి నుంచి ఫైళ్లు చూసి, మూడు టీలు తాగి, పన్నెండు గంటలకు ఆమె లేచారు. అధ్యక్షులు సగర్వంగా పడమటి గది ముందుకు నడిపించారు. నల్లా గురించి ఐదు నిమిషాలు, గొలుసు గురించి మరో ఐదు నిమిషాలు ప్రసంగించారు.

"చాలా బాగుంది," అన్నారు స్వర్ణ గారు. "నేను వాడుకోవచ్చునా?"

"కారు సిద్ధంగా ఉంది మేడమ్. తార్నాక ఐదు నిమిషాలే. సిగ్నల్ పడితే పన్నెండు."

స్వర్ణ గారు పలకను చదివారు. తర్వాత అధ్యక్షులను చదివారు. అంతలో టీ ట్రే పట్టుకుని నిలబడిన భారతమ్మ ముందుకు వచ్చింది. ట్రేను తెచ్చి అధ్యక్షుల చేతుల్లో పెట్టింది.

"మేడమ్, ఒక్క నిమిషం ఆగుండ్రి. నేను పోయొస్త, తర్వాత మీరు పోండ్రి."

పట్టుతాడు ఎత్తి, పెద్ద తలుపు గుండా లోపలికి నడిచి, గడియ వేసుకుంది. ట్రేతో నిలబడిన అధ్యక్షులకు తలుపు తట్టడానికి చేయి ఖాళీ లేదు. కొంతసేపటికి గొలుసు మోగింది. ఎత్తు మీది నుంచి నీళ్లు దూకిన చప్పుడుకు బంగళా మొత్తం అదిరింది.

బయటికి వచ్చి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అన్నది: "నీళ్లు మంచిగనే వస్తున్నయి మేడమ్. గొలుసు జర గట్టిగ గుంజాలె."

స్వర్ణ గారు వెళ్లారు. ఆమె వెనుక బృందంలోని ఇద్దరూ వెళ్లారు. తర్వాత, ట్రేను పరుశురాంకు అప్పగించి, అధ్యక్షులు వెళ్లారు. ఆ తర్వాత నేను వెళ్లాను; డెబ్బై నాలుగేళ్ల వాడిని, కారణం దాచను.

మూడో రోజున పదకొండవ సమావేశం. భారతమ్మకు మెమో ఇవ్వాలనీ, పని నుంచి తీసేయాలనీ అధ్యక్షుల ప్రతిపాదన.

"మెమోల కారణం రాయాలె సార్," అన్నాడు పరుశురాం. "'హెరిటేజ్ బాత్రూమ్ వాడినందుకు' అని రాస్తే, వాడినోళ్లందరికీ ఇయ్యాలె. మీరు ఐదో నంబరు."

"నేను పరిశీలనకు వెళ్లాను."

"గొలుసు రెండుసార్లు గుంజిన సప్పుడు వినొచ్చింది సార్."

అంతలో బృందం నివేదిక ప్రతి చేతికి వచ్చింది. "వారసత్వాన్ని నిత్యోపయోగంలోకి తెచ్చిన ఆదర్శం" అని స్వర్ణ గారు రాశారు. గ్రేడు పెరిగింది. అధ్యక్షులు ఒకసారి దగ్గి, ఇదంతా మొదటి నుంచీ తమ ఆలోచనేనని నమోదు చేయమన్నారు. నేను కింది తీర్మానం రాసి ఇచ్చాను. వారు మామూలుగా నా చిత్తుప్రతులను చదవకుండా సంతకం చేస్తారు. ఈసారి చదివారు. రెండుసార్లు చదివారు. నేను కలం మూత తీసి పట్టుకుని కూర్చున్నాను. ఈ వాక్యాల్లో ఒక్కటి మారినా నా రాజీనామా ఆ కాగితం కిందే ఉందని చెప్పాను. సంతకం అయింది.

తీర్మానం: శ్రీమతి భారతమ్మ గారు, ఫిబ్రవరి పంతొమ్మిదవ తేదీన మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు, తమ నాయనమ్మ పరుల కోసం వంగి ప్రవేశించిన గదిలోకి, తమ కోసం, నిటారుగా ప్రవేశించారు. పది సమావేశాలలో ఈ సమితి చేయలేని పనిని నాలుగు నిమిషాలలో పూర్తిచేశారు. ఆ గడియ నుంచి సదరు గది బాత్రూమ్ అయినది. వారి దరఖాస్తును పరిష్కరించినది సమితి కాదనీ, దరఖాస్తుదారేననీ అంగీకరిస్తూ, ఈ సమితి శ్రీమతి భారతమ్మ గారికి తన కృతజ్ఞతను, ఆలస్యానికి క్షమాపణను ఇందుమూలంగా నమోదు చేస్తున్నది.